కుంకుమ బొట్టు పెట్టిన తూటాలు

లారీ మమ్మల్ని కార్వేటినగరం దాటాక కొండ మొదట్లో దించింది. పొద్దున పదకొండు గంటల వేళ. భాద్రపదం చివరి రోజులు. వాన లేదు, మబ్బు మాత్రం ఉంది. గాలి ఆగిపోయి ఉక్కపోస్తోంది. ఎర్రమట్టి నేల, పరికి కంపలు, అక్కడక్కడా తుమ్మచెట్లు. దూరంగా నగరి ముక్కు కొండ. నాలుగు రేకుల షెడ్లు, ఒక వరస గుడారాలు, చుట్టూ ముళ్ళకంచె. కంచె అవతల కొండకు ఆనించి ఎత్తుగా పోసిన మట్టికట్ట. దాన్ని చాందమారి అంటారు. సిపాయిలు గురిపెట్టి కాల్చడం నేర్చుకునే చోటు.

దిగగానే సామాన్లు ఇచ్చారు. రెండు ఖాకీ చీరలు, ఒక జత గుడ్డ బూట్లు, ఇనప పళ్ళెం, మగ్గు, కంబళి, మెడలో వేసుకోవడానికి నంబరు బిళ్ళ. బిళ్ళ తాడు మెడలో పడగానే నా చెయ్యి దాని మీదికే పోయింది. తాళి తీసి అప్పటికి ఏడాది దాటింది. మెడలో ఏదో ఒక బరువు ఉండటం మరిచిపోయి ఉన్నాను.

మా ఆయన సిపాయి. ఎడారి యుద్ధంలో పోయాడు. బంగారుపాళ్యం పక్కన మామిడితోటలో కూలికి పోతుంటే, పటాలం ఆడవాళ్ళను కూడా తీసుకుంటోందని, సిపాయిల పెండ్లాలకు ముందు పిలుపని చెప్పారు. వేలిముద్ర వేసి వచ్చేశాను. సంతకం తరవాత నేర్చుకున్నాను. ఇప్పటికీ అంతకు మించి రాదు. నేను చెబుతున్నాను, మా మరిది కూతురు రాస్తోంది. మమ్మల్ని ఎవరూ సిపాయిలు అనలేదు. కానీ ఐదున్నరకు బూర, ఆరుకు వరస, సెల్యూటు, తప్పు చేస్తే శిక్ష, అన్నీ సిపాయిలకు ఉన్నవే మాకూ ఉండేవి. ఊళ్ళో ఉండేవాళ్ళకు ఇది తెలియదు. ఆడది పటాలానికి పోయిందంటే అన్నం వండటానికేననుకుంటారు.

నన్ను హవల్దారు కింద వేశారు. తుపాకులు, తూటాలు ఆయన జిమ్మా. పలమనేరు వైపు మనిషి. చేతికి మూడు పట్టీలు, నోట్లో ఎప్పుడూ చింతగింజ. పొగాకు మానేసి దాన్ని చప్పరిస్తున్నాడు. మొదటి రోజే నన్ను బల్ల ముందర కూర్చోబెట్టి అరచేతిలో రెండు తూటాలు పెట్టాడు.

"ఏముండాది తేడా, సెప్పమ్మా."

పొడవు రెండూ ఒకటే. చిటికెన వేలి మొదటి కణుపంత. ఒకటి సన్నం, ఒకటి లావు.

"సన్నం దాని పేరు ముప్పైరెండు. లావు దాని పేరు పొట్టి తొమ్మిది. రెండూ జేబులో పట్టే పిస్తోలుకే. ఇప్పుడు అడుగున గోరు పెట్టి సూడు."

సన్నం దాని అడుగున చిన్న అంచు ఉంది. కంటికి సరిగా ఆనదు, గోటికి తగులుతుంది. లావు దానికి అది లేదు.

"ఆ అంచే మన పాలిటి శని. పిస్తోలు పిడిలోకి దూర్చే పెట్టె ఉండాది గదా, దాంట్లో తూటాలు ఒగదాని మీద ఒగటి నిలబడతాయి. పైదాని అంచు కిందిదాని అంచుకు ముందరే ఉండాల. ఎనక పడిందో, రెండూ ఒగదాన్నొగటి పట్టుకోని కదలవు. అత్తా కోడలు కొప్పులు పట్టుకున్నెట్ల."

"ఎవురు ఇడిపిస్తారన్నా?"

"ఎవురూ ఇడిపించరు. అంతలో ఎదుటోడు కాల్చేస్తాడు."

ఆ పని నేర్చుకున్నాను. తూటాను బొటనవేలితో కిందికి నొక్కి, ముందుకు జరిపి, వెనక్కి తోసి కూర్చోబెట్టాలి. మామిడి కాయలు గంపలో పేర్చేటప్పుడు తొడిమ పక్క కాయకు గుచ్చుకోకుండా తిప్పి పెడతాము కదా, అట్లాంటిదే. సాయంత్రానికి బొటనవేలు వాచేది. ఉప్పునీళ్ళలో పెట్టుకుని పడుకునేదాన్ని.

అక్కడికి మేము వచ్చిన పని ఒకటే. బర్మా వైపు కొండల్లోకి ఆసుపత్రి లారీలు పోతున్నాయి. వాటిలో నర్సులు ముందు వరస దాకా పోవాలి. ప్రతి నర్సు దగ్గరా ఒక చిన్న పిస్తోలు ఉండాలని పైనుంచి హుకుం. పిస్తోళ్ళు రెండు రకాలు ఉన్నాయి. ముప్పైరెండు మన స్టోర్లది. పొట్టి తొమ్మిది ఎడారిలో ఇటలీ వాళ్ళ దగ్గర పట్టుకున్నది, తూటాలతో సహా. ఏది ఇవ్వాలో తేల్చడం మా కొండకింద జట్టుకు అప్పజెప్పారు.

మా పైన ఉండే దొర కెప్టెను. బక్క మనిషి, చెమటకాయలతో మెడంతా ఎర్రగా ఉండేది. ఆయన మూడు సంగతులు అడిగాడు. ప్రతిసారీ పేలుతుందా. ఎంత లోతు పోతుంది. నర్సు చేతికి లొంగుతుందా. మూడో దానికోసం ఒక నర్సును పంపించారు. తక్కినవాళ్ళు మద్రాసులో ఉన్నారు. ఇక్కడ ఏది తేలితే అందరికీ అదే.

ఆ నర్సమ్మ చిత్తూరు పిల్ల. క్రైస్తవుల ఇంటి బిడ్డ. వాళ్ళ నాయన చర్చిలో గంట కొట్టేవాడట. పొట్టి మనిషి, చేతులు ఇంకా పొట్టివి. నా చెయ్యి పక్కన పెడితే పసిపిల్ల చెయ్యే. మేమిద్దరం ఒకే గుడారం. మొదటి రోజు నా నుదురు చూసి ఏమీ అడగలేదు. తన పౌడరు డబ్బా తీసి, "ఉక్కకు పూసుకో అక్కా, నాకు ఊరికే వచ్చింది" అంది.

లావు పిస్తోలు మొదటిసారి తన చేతికి ఇచ్చారు. కాల్చే ముందు దాని పైభాగాన్ని వెనక్కి లాగి వదలాలి. లోపల స్ప్రింగు గట్టిది. నర్సమ్మ లాగింది. రాలేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగింది. సగం వచ్చి మళ్ళీ మూసుకుని వేలు నలిగింది.

వంట సిపాయి ఒకడు ఉండేవాడు. పుత్తూరు మనిషి. పని లేనప్పుడల్లా చాందమారి దగ్గరే ఉండేవాడు. "ఏం నర్సమ్మా, జపానోణ్ణి కొంచేపు ఆగమని సెప్పు, పైది లాగినాక రమ్మను" అని నవ్వాడు.

"నీ సంగటి ముద్ద ఇసిరితే సాలబ్బా, ఈ పిస్తోలు ఎందుకు" అంది నర్సమ్మ వేలు నోట్లో పెట్టుకుని.

అందరూ నవ్వారు. హవల్దారు నవ్వలేదు. సన్నం పిస్తోలు ఇచ్చాడు. అది వెన్నలాగా వచ్చింది.

లోతు చూడటానికి చెరువు నుంచి బంకమట్టి తెచ్చి వెదురు గంపల్లో తొక్కి పెట్టాము. దాని వెనక మామిడి పలకలు వరసగా. కాల్చాక తూటా పోయిన బొక్కలో నేను చీపురుపుల్ల దూర్చేదాన్ని. ఆగిన చోట హవల్దారు గోటితో గీత పెట్టేవాడు. లావుది గంపలో గుమ్మడికాయ పగిలినట్టు పెద్ద గుంట చేసేది. సన్నంది సన్నటి దారి చేసుకుని పోయేది. లోతులో పెద్ద తేడా లేదు. దెబ్బలో ఉంది. అది ఎవరైనా చూస్తే తెలిసేది.

అంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ ప్రతి పటాలంలోనూ చేస్తారు. దొరలు కూడా వద్దనరు, ఒకరోజు సెలవని క్లబ్బులకు పోతారు. మా దొర మద్రాసుకు పోయాడు. హవల్దారు షెడ్డు కడిగించి, ముగ్గు వేయించి, తుపాకులన్నీ కంబళి మీద పేర్పించాడు. ఇత్తడి తాంబాళంలో ముప్పైరెండు రకం తూటాలు కుప్పగా పోశారు. పరీక్షకని డబ్బాలోంచి తీసి ఉంచినవే అవి. ఇటలీ తూటాల రేకు డబ్బా మూలన ఉంది.

"దాన్ని గూడ ఇప్పాల్నా?" అని అడిగాడు వంట సిపాయి.

"అది శత్రువు తూటా రా. దానికి పూజేంది? రేపు మనల్నే కాలుస్తాది" అన్నాడు హవల్దారు.

నేను వాకిట్లోనే నిలబడ్డాను. పూజలోకి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ పోలేదు. పసుపు కుంకుమ ఉన్నచోటికి మాలాంటివాళ్ళు పోకూడదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు సందులోంచి కనిపించినంత చూశాను. నువ్వుల నూనెలో కుంకుమ కలిపి, వంట సిపాయి కూర్చుని ఒక్కో తూటా అడుగునా బొట్టు పెడుతున్నాడు. తూటా అడుగు గుండ్రంగా ఉంటుంది, మధ్యలో రాగి చుక్క ఉంటుంది. పిస్తోలు సూది కొట్టేది దాని మీదనే. సరిగ్గా దాని మీదనే పెడుతున్నాడు. ముచ్చటగానే ఉంది చూడటానికి. ఇత్తడి ముఖాలకు బొట్లు పెట్టినట్టు.

నాకు బొరుగులు, శనగలు బయటికే తెచ్చి ఇచ్చారు. పూజ సామాను మూడు రోజులు కదపకూడదని అట్లే ఉంచారు.

నాలుగో రోజు దొర వచ్చాడు. వచ్చేసరికి వాన పట్టుకుంది. తూర్పు నుంచి ఎడతెగని ముసురు. చాందమారి కట్ట జారి ఎర్రనీళ్ళు గుడారాల్లోకి వచ్చాయి. దొర చెమటకాయలు పోయి దగ్గు పట్టుకుంది. "వారం లోపల నర్సు బండి ఎక్కాలి. ఈ రోజే తేల్చండి" అన్నాడు.

తాంబాళంలో తూటాలు గుడ్డతో తుడిచి నా ముందర పోశారు. నేను నింపాను. రేకు కింద నిలబడి నర్సమ్మ కాల్చింది.

మొదటిది పేలింది. రెండోది టక్కుమంది, పేలలేదు. తీసి పడేసి మళ్ళీ. టక్కు. ఇంకోటి పేలింది. మళ్ళీ టక్కు. ఇంకో పెట్టె నింపి ఇచ్చాను. అదే కథ. నర్సమ్మ ముఖం పాలిపోయింది. హవల్దారు తీసుకుని తనే కాల్చాడు. అదే కథ.

లావుది తెచ్చారు. హవల్దారు కాల్చాడు. ఒకటి తరవాత ఒకటి, అన్నీ పేలాయి. ఇటలీ తూటా ఒక్కటీ మొండికేయలేదు.

దొర ఇక చాలన్నట్టు అరచేయి తిప్పాడు. "పొట్టి తొమ్మిది. తేలిపోయింది."

"సార్, ఈయమ్మ సేత లాగేదానికి కాదు సార్" అన్నాడు హవల్దారు.

"నేర్చుకుంటుంది." దగ్గుకుంటూ పోయాడు.

నర్సమ్మ లావు పిస్తోలు పట్టుకుని పలక మీద కూర్చుంది. లాగింది. సగం దాకా వచ్చింది. మళ్ళీ లాగింది. ఆమె చేతుల్లో అది తాళంచెవి పోయిన బీగంలా ఉంది. "ఇది నాకెందుకక్కా? రాయి అన్నా ఇసరొచ్చు" అంది మెల్లగా. తనొక్కతే కాదు, మద్రాసులో ఉన్నవాళ్ళందరి చేతుల్లోకీ ఇదే పోతుందని ఇద్దరికీ తెలుసు.

వంట సిపాయి నా వైపు చూడకుండానే అన్నాడు. "పూజ సేసిన తూటాలు పేలకపోడమేంది? ఎవురి సెయ్యి పడిందో సూసుకోవాల. పూజకు రాకూడనోళ్ళ సేత నింపిస్తే ఇంతే."

నాకు కోపం రాలేదు. అలిసిపోయి ఉన్నాను. అట్లాంటి మాటకు ఒళ్ళు మండే రోజులు అప్పటికే దాటిపోయాయి. అది నిజమేనేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. అదే నాకు ఇప్పటికీ బాధ.

మిగతావాళ్ళు అన్నానికి పోయారు. పేలని తూటాలు నేలమీదనే ఉన్నాయి, వానలో వదిలేస్తే తుప్పు పడతాయని ఏరాను. నూనె వాసన వచ్చింది. తుపాకీ నూనె కాదు, నువ్వుల నూనె. ఒకటి వెలుతురుకు పట్టి చూశాను. రాగి చుక్క చుట్టూ సన్నటి సందు ఉంది. దాంట్లో ఎర్రగా ఉంది. గుడ్డతో తుడిచింది పైపైనే. లోపలికి దిగింది దిగినట్టే ఉంది.

హవల్దారుకు చూపించాను. "అన్నా, ఇదేందో సూడు."

చూశాడు. తూటా తిప్పి తిప్పి చూశాడు. చింతగింజ చప్పరించడం ఆపేశాడు. ఒక తూటా గుండు పటకారుతో ఊడబీకి మందు అరచేతిలోకి కొట్టాడు. అడుగు మందు తడిసి ముద్దయి ఉంది. వాన రేకుమీద కొడుతూనే ఉంది.

"మూడు దినాలు నూనెలో నానింది" అన్నాడు చివరికి. "దొరకు తెలిస్తే నా పట్టీ కోసేస్తాడు. పరీక్ష తూటాలకు పూజ సేసినానని."

ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు. పట్టీ పోతే ఏమవుతుందో నాకు తెలుసు. నర్సమ్మ గుడారంలో ఏం చేస్తోందో కూడా తెలుసు. గుడ్డ చుట్టుకుని, పళ్ళు బిగించి, ఆ పిస్తోలు లాగుతూనే ఉంది.

"ఆ పిల్ల లాగతానే ఉండాదన్నా" అన్నాను. అంతే.

మరునాడు ఆరు గంటల వరస ముగిశాక హవల్దారు స్టోరు తెరిచి సీలు ఉన్న ముప్పైరెండు డబ్బా తెచ్చి అందరి ముందరా పగలగొట్టాడు. దాన్ని నా ముందర పెట్టాడు.

"నింపమ్మా."

వంట సిపాయి నోరు తెరిచాడు. "మళ్ళా ఆయమ్మ సేతనేనా అన్నా?"

"ఆయమ్మే నింపాల. మనం ముట్టుకున్నెవి నిన్న సూసినాం గదా. నోరు మూసుకో."

నేను నింపాను. అంచు మీద అంచు పడకుండా, ఒక్కొక్కటే. ఈసారి కూడా టక్కుమంటే ఇక ఆ బల్ల ముందర నేను కూర్చోలేను.

నర్సమ్మ తీసుకుంది. దొర గొడుగు కింద నిలబడ్డాడు. ఆమె పైభాగం లాగి వదిలింది, చెయ్యి చాచింది, కాల్చింది. పేలింది. పేలింది. పేలింది. పెట్టె ఖాళీ అయ్యేదాకా పేలింది. ఇంకోటి ఇచ్చాను. అదీ అయిపోయింది. చాందమారి కట్ట మీద బురద చిమ్ముతూనే ఉంది. ఖాళీ గుల్లలు నా బూట్ల చుట్టూ వేడిగా పడి వాననీళ్ళలో చుయ్యిమన్నాయి.

"నిన్న ఏమైంది?" అన్నాడు దొర.

హవల్దారు కాళ్ళు దగ్గరికి కొట్టి నిలబడ్డాడు. "పూజ నూనె, సార్. తూటాలకు బొట్టు పెట్టించినాను. తప్పు నాది సార్. తూటాది కాదు. నింపినామెది కాదు."

చివరి మాట వంట సిపాయి వైపు తిరిగి అనలేదు. దొరకే, పటాలం హిందూస్తానీలో చెప్పాడు. కానీ మళ్ళీ తెలుగులో గట్టిగా చెప్పాడు, అందరికీ వినబడేటట్టు.

దొర ఎర్రబొట్టు తూటా ఒకటి అడిగి తీసుకుని చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఇటలీ వాటికి ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు.

"అవి శత్రువువి సార్."

దొర ఆ తూటా జేబులో వేసుకున్నాడు. నర్సులకు ముప్పైరెండు ఇమ్మన్నాడు. హవల్దారుకు ఒక పట్టీ తీసేయమన్నాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

ఆ మధ్యాహ్నం హవల్దారు చొక్కా నా దగ్గరికి తెచ్చాడు. బ్లేడుతో కుట్లు తెంపాను. పట్టీ తీసిన చోట గుడ్డ కొత్తగా, ముదురు రంగులో ఉంది.

"మా ఇంటామెకు సెప్పకబ్బా" అన్నాడు.

"మీ ఇంటామె నాకు తెలీదన్నా."

"తెలిసినా సెప్పొద్దు." చింతగింజ నోట్లో వేసుకుని పోయాడు. అప్పటినుంచి ఆయన్ను ఒక మెట్టు కింద, నాయక్ అని పిలవాలి. నా నోటికి రాలేదు. హవల్దారే అన్నాను, నేను అక్కడినుంచి పోయేదాకా.

నర్సమ్మ పుత్తూరులో బండి ఎక్కింది. నేను పెట్టెలు నింపి ఇచ్చాను. అవి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని వదలలేదు. బండి కదిలింది. రెండడుగులు పక్కనే నడిచాను, చెయ్యి జారింది.

ఆ తరవాత ఆ కొండకింద ఇంకా చాలాకాలం ఉన్నాను. రోజూ అదే. బూర, వరస, బల్ల, తూటాలు, వాచిన వేలు. ఎండాకాలం రేకులు కాలేవి, వానాకాలం కారేవి. ఎవరెవరికో నింపాను. వాళ్ళ ముఖాలు చూడలేదు. యుద్ధం అయిపోయిందని ఒకరోజు వరసలో చెప్పారు. ఎవరూ గంతులు వేయలేదు. కూర్చోమంటే బాగుండునని అందరికీ అనిపించింది.

బిళ్ళ, బూట్లు, కంబళి తిరిగి తీసుకున్నారు. చీరలు ఉంచుకోమన్నారు. లారీ చిత్తూరులో దించింది. అక్కడినుంచి బస్సులో బంగారుపాళ్యం. మా తోటికోడలు వాకిలి చిమ్ముతోంది.

"ఏం సేసినావుమే ఇన్నినాళ్ళు ఆడ?"

"తూటాలు నింపినాను."

"ఎవురిని సంపేదానికి?"

నీళ్ళు తాగాను.

ఆ ఏడు మామిడి కొమ్మలు కొడుతుంటే కత్తి జారి అరచెయ్యి తెగింది. చిత్తూరు ఆసుపత్రికి పోయాను. గాయం చూడటానికి వచ్చిన నర్సు తలెత్తి చూసి, "అక్కా" అంది.

నర్సమ్మే. చిక్కిపోయింది. ఆ కొండల చలిజ్వరం ముఖం పసుపు చేసి వదిలిపెట్టింది. కళ్ళు మాత్రం అవే. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి గాయం కడిగింది. నేను అడగాలనుకోలేదు. ఎట్లాగో నోట్లోంచి వచ్చేసింది.

"వాడినావా దాన్ని?"

"ఒకసారి" అంది. దూది చుడుతోంది. "మనిషి మీద కాదులే అక్కా. కొండదోవలో కంచరగాడిద. మా లారీ కింద పడి రెండు కాళ్ళూ ఇరిగినాయి. అరస్తా ఉండింది. లారీ నిండా గాయాలోళ్ళు, వాళ్ళు సెవులు మూసుకున్నారు. డ్రైవరుకు సెయ్యి రాలే. నేను దిగినాను."

"ఒకదాంతో పోయిందా?"

"లేదక్కా. మొదటిది తగిలినాక గూడ తల ఎత్తి నన్నే సూసింది. రెండోదానికి గూడ సూసింది. మూడోదానికి తల పెట్టేసింది."

బంకమట్టి గంపలో లావు తూటా చేసిన గుంట నా కళ్ళ ముందర కదిలింది. "పొట్టి తొమ్మిది అయ్యుంటే ఒకటి సాలేదేమో" అన్నాను.

"ఏమో. అదైతే నా సేత లాగేదానికే అయ్యేది కాదు గదా. అది అట్లే అరస్తా ఉండేది." గుడ్డ రెండు చుట్లు చుట్టింది. "నువ్వు నింపినెవే అక్కా అవి. మూడూ పేలినాయి."

ఆ మాట నాకోసమే అంది. మంచికే అంది. కట్టు మీద ముడి వేసి, జారకుండా తన కుడిచేతి చూపుడువేలు దాని మీద నొక్కి పట్టుకుంది. బయట ఎవరో పిలిస్తే తల అటు తిప్పి "వస్తా ఉండా" అంటోంది. ఆమె అటు చూస్తూ ఉండగానే ఆ వేలు నా అరచేతి మీద వంగింది. ఆగింది. మళ్ళీ వంగింది. ఆగింది. మళ్ళీ వంగింది. తన వేలు అట్లా చేస్తోందని ఆమెకు తెలియదు.